చాలు అనడం సాకు కాదు

రాయచూరులో పుట్టి పెరిగిన తెలుగువాడికి ‘సాకు’ అన్న మాట రెండు రకాలుగా వినిపిస్తుంది. ఇంట్లో అది తప్పించుకోవడానికి చెప్పే నెపం. గడప దాటి కన్నడంలోకి వెళితే అదే మాటకు ‘చాలు’ అని అర్థం. పంక్తిలో కూర్చుని వడ్డించేవారితో ‘సాకు, సాకు’ అంటే ఇక వద్దని. కోస్తా నుంచి వచ్చిన చుట్టం ఆ మాట వింటే, ఈయన ఏం సాకు చెబుతున్నాడా అని అయోమయంగా చూస్తాడు. ఈ తమాషా మనందరికీ అనుభవమే. కానీ ఈ రెండర్థాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పాత ధర్మసందేహం బయటపడుతుంది. మొదలుపెట్టిన పనిని మధ్యలో ‘చాలు’ అని ఆపినవాడు వివేకవంతుడా, లేక సాకు వెతుక్కున్నవాడా? పనిలో మునిగి ఉన్నవాడికి ఆ తేడా తెలిసేదెలా?

ఈ ప్రశ్నను పొలంలో నిలబెట్టి చూడవచ్చు, కోర్టులో నిలబెట్టి చూడవచ్చు. నేను ఆపరేషన్ గదిలో నిలబెట్టి చూడదలచుకున్నాను. మరోచోట ఏళ్ళు పట్టే జవాబు అక్కడ నిమిషాల్లో తేలిపోతుంది. నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, అప్పులు ఇచ్చే కుర్చీలోనూ వసూలు చేసే కుర్చీలోనూ బ్యాంకులో మూడు దశాబ్దాలు గడిపినవాణ్ణి. అయితే మత్తు డాక్టర్ల పని గురించి చదివిన కొద్దీ మా కుర్చీకీ వాళ్ళ బల్లకీ దగ్గరి చుట్టరికం ఉందనిపించింది. ఇద్దరి పనీ ముందుగా అంచనా వెయ్యడం, ఆ అంచనా తప్పిన రోజున నిలదొక్కుకోవడం.

సంగతి ఇది. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి నిద్రపోవడమే కాదు, కండరాలు సడలడానికి ఇచ్చే మందు వల్ల చాలాసార్లు సొంతంగా ఊపిరి తీసుకోవడం కూడా ఆగిపోతుంది. ఆ క్షణం నుంచి అతని ఊపిరి మత్తు డాక్టరు చేతిలో ఉంటుంది. లారింగోస్కోపు అనే పరికరంతో నాలుకను ఎత్తిపట్టి, స్వరపేటిక కనబడగానే దాని గుండా శ్వాసనాళంలోకి ఒక గొట్టం దించుతారు. ఎక్కువమందిలో ఇది చిటికెలో అయ్యే పని. కొందరిలో స్వరపేటిక కనబడదు, గొట్టం దిగదు. మరీ కొద్దిమందిలో ముఖానికి మాస్కు పెట్టి సంచీతో ఊదినా గాలి లోపలికి పోదు. వైద్యులు కష్టమైన శ్వాసమార్గం అనేది దీన్నే.

మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఊపిరి ఆగితే ఒకటి రెండు నిమిషాల్లోనే రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం మొదలవుతుంది. అందుకే మత్తుకు ముందు సుమారు మూడు నిమిషాల పాటు మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లో ఆ నిల్వ ఉంటే ఆరోగ్యంగా ఉన్న వయోజనుడికి దాదాపు ఎనిమిది నిమిషాల వ్యవధి దొరుకుతుంది. స్థూలకాయులకు, గర్భిణులకు, పసిపిల్లలకు అంతకంటే చాలా తక్కువ. మా భాషలో చెప్పాలంటే అది నగదు నిల్వ. రోజులు బాగున్నంతకాలం దాని విలువ ఎవరికీ పట్టదు. డిపాజిట్‌దారులందరూ ఒక్కసారిగా కౌంటరు ముందు నిలబడిన రోజున బ్యాంకు ప్రాణం దానిలోనే ఉంటుంది.

మరి ఎవరికి కష్టమవుతుందో ముందే తెలుసుకోలేమా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా వాడుతున్న ఒక జవాబుకు తెలుగు ఇంటిపేరు ఉంది. గుంటూరు జిల్లాలో పుట్టి అమెరికా వెళ్ళిన మల్లంపాటి శేషగిరిరావు బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా ఉంటూ 1983లో ఒక ఊహను ప్రకటించారు. దాన్ని 210 మంది రోగుల మీద పరీక్షించి 1985లో కెనడా మత్తు వైద్యుల పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఆ పరీక్షకు పరికరాలేవీ అక్కరలేదు. రోగిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమంటారు. కొండనాలుక, దానికి అటూ ఇటూ ఉండే కమానులు, మెత్తని అంగిలి ఎంతవరకు కనబడుతున్నాయో చూస్తారు. నాలుక మొదలు వాటిని కప్పేస్తుంటే అదే నాలుక స్వరపేటికనూ కప్పవచ్చునని ఆయన తర్కం. ఆయన మూడు తరగతులు చేశారు. 1987లో సామ్‌సూన్, యంగ్ అనే ఇద్దరు నాలుగో తరగతి చేర్చారు. ఇవాళ ఏ దేశంలో ఆపరేషన్ జరిగినా రోగి కాగితం మీద మల్లంపాటి ఒకటి, మల్లంపాటి మూడు అని రాసి ఉండడం మామూలు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత చెప్పుకునే మనలోంచే, కొండనాలుక వైపు చూసి రాబోయే గండాన్ని పసిగట్టవచ్చునన్న మనిషి రావడం సంతోషించవలసిన విషయం.

నోరు తెరిపించి చూడడం మన ప్రాంతాల్లో మరో కారణానికి కూడా అవసరం. వక్క, గుట్కా ఏళ్ళ తరబడి నమిలినవారిలో కొందరికి బుగ్గల లోపలి పొర గట్టిపడి, నారలా బిగుసుకుపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టవలసిన నోట్లో ఒక వేలు దూరడం కష్టమవుతుంది. కర్ణాటకలో గుట్కాను 2013లో నిషేధించారు. అయితే బిగుసుకున్న బుగ్గ నిషేధంతో మెత్తబడదు కదా. అలాంటివారికి మత్తు ఇవ్వకముందే, మెలకువగా ఉండగానే, గొంతు మొద్దుబార్చి, వంగే సన్నని కెమెరా సాయంతో ముక్కు గుండా గొట్టం వేసే పద్ధతి ఉంది. గండం ముందే తెలిస్తే దారి ఉందన్నమాట.

కానీ ముందే తెలిసేది ఎంత? డెన్మార్క్‌లో 1,88,064 మంది రోగుల రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. గొట్టం వెయ్యడం కష్టమైనవారు 3,391 మంది. వారిలో 3,154 మంది విషయంలో, అంటే నూటికి 93 మందికి, కష్టమవుతుందని ముందు ఎవరూ అనుకోలేదు. కష్టమవుతుందని అనుకున్నవారిలో నిజంగా కష్టమైంది నూటికి 25 మందికే. ఈ అంకెలు చూసి నేను ఆశ్చర్యపోలేదు. అప్పు దరఖాస్తులు చూసిన ఎవరూ ఆశ్చర్యపోరు. బ్యాలెన్స్ షీటు, పొలం పాసుబుక్కు, హామీదారు అన్నీ సరిగ్గా ఉన్న మనిషి మునుగుతాడు. సంతకం పెట్టడానికి చెయ్యి వణికిన దరఖాస్తుదారు చివరి కిస్తు వరకు గడువు తప్పకుండా కడతాడు. అందుచేత పరీక్షలు మానేయాలని కాదు. ముందుచూపు బాధ్యతలో సగమేనని, మిగతా సగం ఆ చూపు తప్పిన తరువాత మొదలవుతుందని.

ఇది చదివి మత్తు అనగానే ఎవరూ భయపడవద్దు. బ్రిటన్‌లో ఏడాది పాటు లెక్క తీసి 2011లో ప్రకటించిన నివేదిక ప్రకారం సుమారు 29 లక్షల పూర్తి మత్తుల్లో శ్వాసమార్గం వల్ల తీవ్ర ప్రమాదాలుగా నమోదైనవి 133, మరణాలు 16. చాలా అరుదు. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. అరుదుగా వచ్చేదాన్ని ఎదుర్కోవడానికి రోజూ చేసే అలవాటు పనికిరాదు.

ఒక ఉదంతం చెబుతాను. దీన్ని మరణించినామె భర్తే ప్రపంచం ముందు పెట్టారు. 2005 మార్చి 29న ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ళ ఇల్లాలు, ఇద్దరు పిల్లల తల్లి, సైనస్ ఆపరేషన్‌కు వెళ్ళింది. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ కాదు, ముందుగా రోజు కుదుర్చుకున్నది. మత్తు ఇచ్చాక మాస్కుతో గాలి సరిగా పోలేదు. గొట్టమూ దిగలేదు. కొద్ది నిమిషాల్లోనే ఆక్సిజన్ 40 శాతానికి పడిపోయింది. ఆ గదిలో చేరినవారు కొత్తవారు కారు. అనుభవం ఉన్న మత్తు డాక్టర్లు ఇద్దరు, చెవి ముక్కు గొంతు సర్జను ఒకరు. పది నిమిషాలయ్యేసరికి పరిస్థితి స్పష్టం. గొట్టం దిగదు, మాస్కు గాలి పోదు. అటువంటప్పుడు మెడ ముందు భాగంలో, కంఠమణి కింద ఉండే పలుచని పొరలో దారి చేసి గాలి పంపాలని పుస్తకాలు చెబుతాయి. వాళ్ళకు ఆ సంగతి తెలియక కాదు. అయినా గొట్టం వేసే ప్రయత్నాన్నే మళ్ళీ మళ్ళీ చేశారు. ఒక నర్సు మెడలో దారి చేసే సామగ్రి తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. మరో నర్సు ఐ.సి.యు.లో మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుంది. ఆ మాటలు డాక్టర్లకు చేరలేదు. ఎలేన్ మళ్ళీ స్పృహలోకి రాలేదు. ఏప్రిల్ 11న చనిపోయింది.

భర్త మార్టిన్ బ్రోమిలీ విమానం నడిపే పైలట్. ఎవరిని శిక్షిస్తారని ఆయన అడగలేదు. దీనినుంచి ఏం నేర్చుకుంటారని అడిగారు. విమానం కూలితే అలాంటి విచారణ మామూలుగానే జరుగుతుంది, ఆస్పత్రిలో ఎందుకు జరగదన్నారు. నిపుణులైనవారు కూడా ఒత్తిడిలో ఎలా తప్పటడుగు వేస్తారో అధ్యయనం చేయడానికి 2007లో ఒక సంస్థనే స్థాపించారు. దుఃఖంలో ఉన్నవాడు ఇంత నిబ్బరంగా ప్రశ్న వేయగలగడం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది.

నిపుణులు ఎందుకు ఆగలేకపోయారు? నాకు తోచిన జవాబు ఇబ్బంది కలిగించేదే. వాళ్ళలో లోపం ఉండి కాదు, మనం సుగుణమని పిల్లలకు నేర్పేది ఉండడం వల్లనే. భర్తృహరి మనుషులను మూడు రకాలుగా విభజించిన పద్యాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగులో మనలో చాలామంది బడిలోనే నేర్చుకున్నాం. అడ్డంకులకు భయపడి పని మొదలే పెట్టనివారు అధములు, అడ్డంకి రాగానే వదిలేసేవారు మధ్యములు, ఎన్ని అడ్డంకులు వచ్చినా విడవనివారు ఉత్తములు. ఆ కొలతతో కొలిస్తే ఆ గదిలోని డాక్టర్లు ముగ్గురూ ఉత్తములే. అయినా రోగి బతకలేదు. మరి భర్తృహరి తప్పా?

తప్పు కాదు. విడవకూడనిది ఏదో మనం సరిగా చదువుకోలేదు. విడవకూడనిది గమ్యం, దారి కాదు. రోగికి కావలసింది ఆక్సిజన్. గొట్టం దానికి ఒక దారి, మంచి దారి, కానీ ఒక్కటే దారి కాదు. గొట్టం దిగనందుకు ఎవరూ చనిపోరు, గాలి అందనందుకు చనిపోతారు. చేతిలో లారింగోస్కోపు పట్టుకున్నవాడికి ఆ క్షణంలో దారే గమ్యంగా కనబడుతుంది. ఇంకొక్కసారి, ఇంకొంచెం తల వంచితే, ఇంకో సైజు గొట్టమైతే అనుకుంటూ ఉండగా గడియారం కనబడడం మానేస్తుంది.

ఈ ‘ఇంకొక్కసారి’ ఎలా ఉంటుందో సభాపర్వం చదివిన మనకు బాగా తెలుసు. ధర్మరాజు ప్రతి ఓటమి తరువాతా మరింత పెద్ద పణం పెట్టాడు. తన ధనం అయిపోయాక తమ్ముళ్ళను, తరువాత ద్రౌపదిని ఒడ్డాడు. జూదం ఆడినందుకంటే కూడా తనవి కాని ప్రాణాలను ఒడ్డినందుకే లోకం ఆయనను ఇప్పటికీ నిలదీస్తోంది. నా దృష్టిలో అసలు ధర్మసూత్రం ఇక్కడ ఉంది. పట్టుదల నాదై పణం కూడా నాదే అయితే అది ఎంతవరకైనా సాగవచ్చు. కొండ ఎక్కేవాడు, కావ్యం రాసేవాడు, పరీక్ష తప్పి మళ్ళీ కూర్చునేవాడు తమ కాలాన్నే ఖర్చు పెడుతున్నారు. పట్టుదల నాదై పణం ఇంకొకరిదైనప్పుడు మాత్రం దానికి హద్దు ఉండాలి. ఆ హద్దును గీసేది ఆ క్షణంలో ఆవేశంలో ఉన్న నేను కాకూడదు.

మా వృత్తిలో ఇది రోజూ కనబడే సంగతే. మిల్లు నష్టాల్లో పడుతుంది. యజమాని నిజాయితీపరుడు, మేనేజరుకు అతని మీద గురి ఉంది. పాత అప్పు మునగకుండా ఉండాలని కొత్త అప్పు, దాని వడ్డీకి మరో అప్పు ఇస్తాడు. ప్రతిసారీ ‘ఈ ఒక్కసారి నిలబెడితే లేస్తాడు’ అన్న నమ్మకమే. కానీ ఆ డబ్బు మేనేజరుది కాదు. దాచుకున్న రిటైరు మాస్టారుది, కూతురి పెళ్ళికని కూడబెట్టిన తల్లిది. అందుకే బకాయి ఇన్ని రోజులు దాటితే అది నిరర్థక ఆస్తి అని నిబంధన పెట్టారు. మొదట్లో ఆ గడువు ఎక్కువగా ఉండేది, 2004 మార్చి నుంచి 90 రోజులు. పంట రుణాలకు లెక్క వేరు. యజమాని ఎంత మంచివాడని ఆ నిబంధన అడగదు, రోజులు మాత్రమే లెక్కపెడుతుంది. చాలామంది దాన్ని కర్కశమనుకుంటారు. నేను మాత్రం, ప్రశాంతంగా కూర్చుని ఆలోచించిన మనిషి రేపు తొట్రుపాటులో ఉండబోయే తనకే రాసుకున్న ఉత్తరం అనుకుంటాను.

శ్వాసమార్గానికీ అలాంటి ఉత్తరాలు రాసుకున్నారు. భారతదేశపు కష్ట శ్వాసమార్గ వైద్యుల సంఘం 2016లో మన దేశానికి మార్గదర్శకాలు ప్రకటించింది. గొట్టం వేసే ప్రయత్నాలు మూడుకు మించకూడదు. అవి కూడా ఆక్సిజన్ 95 శాతానికి తగ్గనంతవరకే, మధ్యమధ్య మాస్కుతో గాలి అందిస్తూ చేయాలి. ఫలించకపోతే సాయానికి పిలిచి, స్వరపేటిక మీద కూర్చునే మరో రకం పరికరం పెట్టాలి, దానికి రెండు ప్రయత్నాలు. అదీ కాకపోతే మాస్కుతో చివరి ప్రయత్నం. అదీ కాకపోతే ఆలస్యం చేయకుండా మెడలో దారి. మధ్యలో ఎక్కడైనా గాలి అందడం కుదిరితే, వీలున్నచోట రోగిని మేల్కొలిపి ఆపరేషన్ మరో రోజుకు వాయిదా వేయడం కూడా గౌరవమైన మార్గమే.

ఒక ఆక్షేపణ ఉంది. చెయ్యి తిరిగిన డాక్టరు నాలుగోసారి సాధించవచ్చు కదా, మూడని గీత గీస్తే నైపుణ్యానికి అవమానం కాదా? నాలుగోసారి సాధించినవారు ఉంటారు. కానీ ప్రతి ప్రయత్నమూ గొంతును వాపెక్కిస్తుంది, రక్తం కారవచ్చు, అంతవరకు మాస్కుతో పోతున్న గాలి కూడా పోకుండా ఆగిపోవచ్చు. నాలుగో ప్రయత్నానికి ఖర్చయ్యేది డాక్టరు నైపుణ్యం కాదు, రోగి నిల్వ. పైగా ఇక్కడ ఆగడం సుఖమైన పని అనుకోవద్దు. అలవాటైన గొట్టాన్ని వదిలి, జీవితంలో ఒకసారైనా చేసి ఉండని కత్తి పనికి దిగడానికి చాలా ధైర్యం కావాలి. ఆ చోట పట్టు విడవడమే సాహసం, పట్టుకుని వేలాడడం ఒక రకమైన వెనుకంజ.

ఇక ‘చాలు’ అని చెప్పేదెవరు? సభలో పెద్దలందరికీ అన్యాయం తెలుసు. ద్రౌపది ప్రశ్నకు జవాబు చెప్పండని లేచి అడిగింది కౌరవుల్లో చిన్నవాడైన వికర్ణుడు. చిన్నపిల్లవాడివి నీకేం తెలుసునని కర్ణుడు నోరు మూయించాడు. ఇంగ్లండు ఆస్పత్రిలో నర్సుల నోరు ఎవరూ మూయించలేదు. వాళ్ళ మాట చెవికెక్కలేదు, అంతే. మన ఆస్పత్రుల్లో పెద్ద డాక్టరుతో సిస్టరు ‘సార్, నాలుగు నిమిషాలయింది’ అనడానికి ఎంత గుండె కావాలో మనకు తెలుసు. ఆ గుండె ఆమెకు పుట్టుకతో ఉండాలని ఆశించడం అన్యాయం. ముందే ఏర్పాటు చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా పట్టికలో, మత్తుకు ముందే ఈ రోగి శ్వాసమార్గం కష్టమా అని పైకి అడగాలనీ, కోతకు ముందు గదిలో ఉన్న ప్రతివాళ్ళూ పేరూ పనీ చెప్పుకోవాలనీ ఉంది. ఒకసారి నోరు విప్పి పేరు చెప్పుకున్న మనిషికి రెండోసారి నోరు విప్పడం కాస్త తేలిక. కాలం చూసి చెప్పే పని ఒకరికి అప్పగిస్తే, అది ఎదురు చెప్పడం కాకుండా ఉద్యోగధర్మం అవుతుంది.

ఇంతవరకు డాక్టర్ల ధర్మం, నర్సుల ధర్మం. మన ధర్మం మాటేమిటి? దేవదుర్గ నుంచో, లింగసుగూరు నుంచో, సరిహద్దు దాటి మక్తల్, గద్వాల నుంచో రోగిని రాయచూరు తెస్తారు. అప్పు చేసి, పనులు మానుకుని వస్తారు. గదిలోకి తీసుకుపోయిన మనిషిని గంట తరువాత ఆపరేషన్ కాకుండానే మేల్కొలిపి తెచ్చి, ఇవాళ కుదరలేదు, పెద్ద ఆస్పత్రిలో వేరే పద్ధతిలో చేయాలంటారు. వరండాలో ఉన్నవాళ్ళకు మొదట వచ్చే మాట ఏమిటి? ‘చేతకాక సాకు చెబుతున్నాడు.’ ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ అలా ఆగినవాణ్ణి అవమానించి, మొండిగా నెట్టుకుపోయి అదృష్టవశాత్తు గట్టెక్కినవాణ్ణి దేవుడని పొగిడే సమాజం, ఆగడం తెలియని డాక్టర్లనే తయారు చేసుకుంటుంది. ఆ గదిలో తరువాతి మనిషి మన ఇంటివాడే కావచ్చు.

మనం చేయగలిగినవి చిన్నవే. మత్తు డాక్టరు నోరు తెరవమన్నప్పుడు సిగ్గుపడకుండా తెరవాలి. గుట్కా అలవాటు, గురక, కదిలే పన్ను, మెడ బిగింపు దాచకుండా చెప్పాలి. ఇంతకుముందు మత్తులో ఇబ్బంది జరిగి ఉంటే అదే మొదట చెప్పాలి. ఎందుకంటే ఏ పరీక్షకంటే నమ్మదగిన సూచన అదే. గొట్టం వేయడం కష్టమైందని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని రేషన్ కార్డు, ఆధార్ కార్డు దాచినంత భద్రంగా దాచాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి.

అయితే నిజంగానే సాకు చెప్పేవారు లేరా? ఉన్నారు. అన్ని వృత్తుల్లోనూ ఉన్నారు. తేడా కనిపెట్టడానికి నాకు రెండు గుర్తులు తోచాయి. మొదటిది, ఆపడం వల్ల ఎవరికి నిల్వ మిగిలింది? ఆపినవాడి శ్రమ మిగిలితే అనుమానించాలి. ఎదుటివాడి ప్రాణమో, ధనమో మిగిలితే నమ్మాలి. రెండోది, ఆపిన చెయ్యి తరువాత ఏం చేసింది? సాకు చెప్పినవాడి చెయ్యి ఖాళీగా జేబులోకి పోతుంది. చాలు అన్నవాడి చెయ్యి వెంటనే మరో పనిముట్టు అందుకుంటుంది, లేదా సాయానికి మరొకరిని పిలుస్తుంది. రెండు భాషల మధ్య బతికే మనకు ఆ మాటలోని రెండర్థాలనూ వేరు చేసి వినడం అలవాటే. ఎవరైనా ఆగి ‘సాకు’ అన్నప్పుడు, అది ఏ భాషలో అన్నాడో తొందరపడకుండా విందాం.